మూత్రాశయం తీసేశాక పొట్ట మీద సంచి తప్పదా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 76. మూత్రంలో రక్తం పడుతుంటే పరీక్షలు చేశారు. క్యాన్సర్ మూత్రాశయ కండరంలోకి పాకిందని, మూత్రాశయం మొత్తం తీసేయాలని చెప్పారు. ఆయనకు మధుమేహం ఉంది, క్రియాటినిన్ 1.8. పొట్టకు సంచి తగిలించుకుని బతకలేనంటున్నారు. పేగుతో లోపలే కొత్త మూత్రాశయం చేస్తారట కదా, ఆయనకు కుదరదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ నాన్నగారికి అది మంచిది కాదనే నా అభిప్రాయం. అడ్డు వయసు కాదమ్మా, కిడ్నీలు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. 76 ఏళ్ల వ్యక్తికి అది 1.8 ఉందంటే కిడ్నీల వడపోత వేగం (ఈజీఎఫ్ఆర్) 40 లోపే, అంటే బాగా తగ్గి ఉన్నట్టు లెక్క.

కొత్త మూత్రాశయానికి (నియోబ్లాడర్) 50–60 సెంటీమీటర్ల చిన్నపేగు కావాలి. పేగు పని పీల్చుకోవడం. మూత్రం అందులో గంటల తరబడి నిలిస్తే, బయటికి పోవలసిన ఆమ్లాలు మళ్లీ రక్తంలో చేరతాయి. గట్టి కిడ్నీలు ఆ భారాన్ని మోస్తాయి, అలసినవి మోయలేవు. పైగా కొత్త మూత్రాశయానికి నిండిన కబురు చెప్పే నాడులు ఉండవు. మొదటి నెలల్లో రాత్రి కూడా అలారం పెట్టుకుని రెండు మూడు గంటలకోసారి లేచి ముక్కి పోయాలి. నిద్రలో పక్క తడుస్తుంది. కొందరైతే తామే గొట్టం వేసుకుని ఖాళీ చేసుకోవాలి. సంచి ఉండదన్న మాట నిజమే, కానీ ఈ కష్టం గురించి ముందుగా ఎవరూ చెప్పరు.

ఈ వయసులో ఎక్కువగా చేసేది ఇలియల్ కాండ్యూట్. 15–20 సెంటీమీటర్ల పేగు ముక్కకు, కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే రెండు మూత్రనాళాలను కలిపి, దాని రెండో కొసను పొట్ట మీద, సాధారణంగా కుడివైపు, చిన్న ద్వారంగా తెరుస్తారు. దీన్ని స్టోమా అంటారు. మూత్రం నిల్వ ఉండకుండా సంచిలోకి జారిపోతుంది, కాబట్టి కిడ్నీలకు భారం తక్కువ. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉండి పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేరనిపిస్తే పేగు జోలికి వెళ్లకుండా మూత్రనాళాలనే నేరుగా చర్మానికి కలుపుతారు. కోలుకోవడం త్వరగా అవుతుంది. అయితే ఆ ద్వారం ముడుచుకుపోయే గుణం ఎక్కువ, అందుకే చాలామందికి లోపల సన్నని గొట్టాలు ఉంచి కొన్ని నెలలకోసారి మారుస్తుండాలి.

ఇక ఆయన భయం గురించి. స్టోమా ఎర్రగా, తడిగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి ఉండదు. సంచి బట్టల లోపలే ఉంటుంది, సరిగ్గా అతికితే వాసన రాదు. మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి, రాత్రికి పెద్ద సంచి తగిలిస్తే నిద్ర చెడదు. మూడు నాలుగు రోజులకోసారి, ఉదయం నీళ్లు తాగకముందే కొత్తది అతికించుకోవాలి. స్నానం చేయవచ్చు, గుడికి వెళ్లవచ్చు, బస్సెక్కవచ్చు. ఆయన చేతులు వణుకుతాయా, చూపు బాగుందా అన్నది చూడండి. మార్చడం ఆయనతో పాటు ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకోవాలి. స్టోమా నల్లబడినా, సంచిలోకి మూత్రం రావడం ఆగినా, చలిజ్వరం, నడుము పక్క నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్‌కు ముందు ఒక పని తప్పక అడగండి. ఆయన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, వంచి చూసి, పంచె ముడి పడే చోటు, చర్మం మడతపడే చోటు తప్పించి స్టోమా స్థానాన్ని పెన్నుతో గుర్తించమనండి. అక్కడ ఒక సంచిలో కొంచెం నీళ్లు పోసి అతికించి, ఒక రోజంతా ఇంట్లో తిరగనివ్వండి. ఆ తర్వాత ఆయన ఏమంటారో వినండి.