మోషన్ నల్లగా వస్తోందా? తిన్నదాని వల్లే అనుకోకండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. న్యూయార్క్‌లో ఐటీ ఉద్యోగం. భార్య, పాప హైదరాబాద్‌లో ఉన్నారు. వీకెండ్‌లో ఒక్కడినే బయట తింటుంటాను. పోయిన శనివారం క్వీన్స్‌లోని ఆస్టోరియాలో ఒక క్రొయేషియన్ రెస్టారెంట్‌కు వెళ్లాను. చుట్టూ అందరూ కుటుంబాలతో ఉన్నారు. ఒక్కడినే కూర్చోవడం ఇబ్బందిగా అనిపించి గుండె దడ వచ్చింది, లేచేటప్పుడు కళ్లు తిరిగాయి. ఇప్పటికీ మెట్లెక్కితే దడగానే ఉంటోంది. ఆ రోజు స్క్విడ్ సిరాతో చేసే నల్ల రిసోట్టో (అన్నం వంటకం) తిన్నాను, రెండు చిన్న గ్లాసులు రాకియా (పళ్లతో చేసే సారా) తాగాను. మర్నాటి నుంచి మోషన్ నల్లగా, జిగటగా వస్తోంది. ఇవాళ గురువారం. సిరా వల్లే అనుకుంటున్నాను. నడుం నొప్పికి ఇంటి నుంచి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్, గ్యాస్‌కు పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. ఒంటరిగా తినాలంటే వచ్చే ఈ టెన్షన్ తగ్గేదెలా?
– ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఈరోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈ జవాబు పోర్టల్‌లో వచ్చేలోపే మీకు మెయిల్ చేయమని డెస్క్ వాళ్లకు చెప్పాను.

నల్ల రిసోట్టో క్రొయేషియాలోని డాల్మేషియా తీరంలో బాగా చేసుకునే వంటకం. స్క్విడ్, కటిల్ ఫిష్ వంటి వాటి సిరాలో ఉండే మెలనిన్ వల్ల దానికి ఆ రంగు వస్తుంది. తింటే పెదాలు, పళ్లు నల్లబడతాయి, ఒకటి రెండు రోజులు మోషన్ కూడా నల్లగా రావచ్చు. అంతవరకు మీ ఊహ తప్పేం కాదు. కానీ శనివారం తిన్నదాని రంగు గురువారం దాకా రావడం నాకు నచ్చలేదు. పైగా జిగటగా ఉందన్నారు. తారులా అంటుకుంటూ, ఎప్పుడూ లేనంత దుర్వాసనతో ఉంటే కడుపులో గానీ చిన్నపేగు మొదట్లో గానీ రక్తం కారుతుందేమోనని అనుమానించాల్సిందే. ఐరన్ బిళ్లలు, అక్కడ అజీర్తికి విరివిగా తాగే బిస్మత్ మందు కూడా మోషన్‌ను నల్లగా చేస్తాయి. అవి వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. ఏదేమైనా, మిమ్మల్ని చూడకుండా ఇది రక్తమేనని గానీ కాదని గానీ నేను చెప్పలేను.

లేస్తే కళ్లు తిరగడం, మెట్లెక్కితే దడ – వీటిని మీరు ఒంటరితనం ఖాతాలో వేశారు. రక్తం తగ్గినా సరిగ్గా ఇవే వస్తాయి. అదీ నా భయం.

ఇక ఆ బిళ్లలు. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో ఆవకాయ పక్కనే మందుల సంచి కూడా సర్దడం మన ఇళ్లలో అలవాటైపోయింది. అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకదని, ఖర్చెక్కువని చెబుతారు. నిజమే, కాదనను. కానీ ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ వంటివి జీర్ణాశయం లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. రోజూ వేసుకుంటే పుండ్లు పడవచ్చు, కొందరిలో ఏ నొప్పీ లేకుండానే రక్తం కారుతుంది. మీరు రోజుకెన్ని వేసుకుంటున్నారో, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో రాయలేదు. రాయని వాళ్లు సాధారణంగా ఎక్కువే వేసుకుంటారు, ఏమీ అనుకోకండి. దానికి తోడు సుమారు 40 శాతం ఆల్కహాల్ ఉండే రాకియా! పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను కదా అనే ధీమా కూడా వద్దు. అది మంటను తగ్గించి అసలు జబ్బును కప్పేయవచ్చు. దానివల్ల, కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ బ్యాక్టీరియా ఉన్నా కొన్ని పరీక్షల్లో లేనట్టు చూపించవచ్చు. అందుకే అది వాడుతున్న సంగతి అక్కడి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

నొప్పి బిళ్లలు, మద్యం ఇప్పుడే ఆపండి. నడుం నొప్పికి వాళ్లనడిగి వేరే మందు రాయించుకోండి. (ఇది చదివే మిగతావారికి: గుండె జబ్బుకు డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.) ఆసుపత్రికి మీరే కారు నడుపుకుంటూ వెళ్లొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. స్పృహ తప్పినట్టున్నా, రక్తం వాంతి అయినా, ఛాతీలో నొప్పి వచ్చినా 911కు ఫోన్ చేయండి. బిల్లు గురించి వెనకాడతారేమో. ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరిన అక్కడి ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో పని లేకుండా, వచ్చినవారిని పరీక్షించి అత్యవసర చికిత్స ఇవ్వాలని 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, అది వేరే గొడవ. హిమోగ్లోబిన్ చూస్తారు, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. రక్తం కారడం కొత్తగా మొదలైతే మొదటి రిపోర్టు నార్మల్‌గా రావచ్చు, ఒక్క టెస్టుతో ఇంటికి వచ్చేయకండి. బిళ్లల స్ట్రిప్‌లు చేతిలో పట్టుకెళ్లండి. ఎసిక్లోఫెనాక్ అక్కడి మార్కెట్లో లేదు, పేరు చెబితే అర్థం కాకపోవచ్చు. సంక్రాంతికి ఇండియా వచ్చినప్పుడు చూపించుకుంటానంటే మాత్రం ఒప్పుకోను.

ఒంటరిగా తినడం జబ్బు కాదు, దానికి మందూ లేదు. కిటికీ పక్కన చిన్న టేబుల్ అడగండి, తొందర పడకుండా తినండి. కడుపు కుదుటపడ్డాక మళ్లీ అక్కడికే వెళ్లినా అభ్యంతరం లేదు, కాల్చిన చేప, బంగాళాదుంపతో కలిపి వండే ఆకుకూర బ్లిట్వా తినవచ్చు. రాకియా మాత్రం వద్దు. రక్తం సంగతి తేలి, హిమోగ్లోబిన్ సరిగా ఉండి, అప్పటికీ నలుగురిలో కూర్చుంటే దడ వస్తుంటే మళ్లీ రాయండి. ఈసారి రిపోర్టులు జతచేయండి.