కోఠీ రెసిడెన్సీ: మా కాలేజీ మేడ కథ

హైదరాబాదు కోఠీ మహిళా కళాశాలలోని పాత మేడ ఎవరిది, అది కాలేజీగా ఎలా మారిందని అడిగారు. తొంభైల్లో మూడేళ్లు అక్కడ చదివాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు పేరు సంగతి. కోఠీ అంటేనే పెద్ద మేడ. బస్సు కండక్టర్లు రోజంతా అరిచే ఆ మాట ఈ భవనం నుంచి వచ్చిందే. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, ఉండే ఇల్లు ఇది. 19వ శతాబ్దం మొదట్లో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. హోదా కంపెనీది, ఖర్చు నిజాముది! అయితే ఆ వైభవాన్ని ఎక్కువ కాలం అనుభవించే యోగం ఆయనకు లేకపోయింది. 1805లోనే కలకత్తాలో చనిపోయాడు.

ఆయన భార్య ఖైరున్నీసా హైదరాబాదు ప్రభు కుటుంబపు అమ్మాయి. ఘోషా పాటించేది కనుక మేడ ముందు వైపుకు వచ్చేది కాదట. అందుకే ఆమె చూసుకోవడానికి వెనక జనానా (ఆడవాళ్లుండే భాగం) తోటలో అచ్చం ఇలాంటి బొమ్మ మేడ కట్టించాడని చెబుతారు. మా రోజుల్లో ఆ కథ తెలియని అమ్మాయి లేదు.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు (పఠాన్ సైనికులు) బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడి దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. 1947లో రెసిడెంట్ల కాలం ముగిసింది. 1949లో మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది.

20కి పైగా మెట్లు, అటూ ఇటూ రెండు రాతి సింహాలు. ఎడమ వైపు సింహం దిమ్మె నీడలో కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. పులిహోర ఎవరు తెచ్చినా మూత తీయకముందే తెలిసిపోయేది. దర్బారు హాల్లో తల ఎత్తితే కప్పు నిండా నగిషీ. చెక్కినదనుకున్నాను. కాగితపు గుజ్జుతో చేసిన పని అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

2002లో పాత కట్టడాలను కాపాడే సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాయి. కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది.

చూడడానికి వెళ్తే స్తంభాల ముందు ఫొటో దిగి వచ్చేయకండి. అనుమతి అడిగి వెనక్కి కూడా వెళ్లండి, బొమ్మ మేడ అటే ఉంది.