పట్టా స్థలంలో విగ్రహం పెట్టుకోవచ్చా?

ప్రశ్న: ఊళ్లో రోడ్డు పక్కన మాకు పట్టా స్థలం ఉంది. అక్కడ మా తాతగారి విగ్రహం పెడతామంటే, సుప్రీంకోర్టు వద్దందని పంచాయతీ కార్యదర్శి అంటున్నారు. సొంత స్థలంలోనూ హక్కు లేదా?

జవాబు: ఉంది. 2013 జనవరి 18 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల గురించి. ఆ ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 18కూ అదే ఆధారం. మీ పట్టా ఆ నిషేధం కిందికి రాదు. రాజ్యాంగం 300ఎ అధికరణ ప్రకారం ఆస్తి హక్కుకు అడ్డు చెప్పేవాళ్లు చట్టం చూపించాలి.

అసలు పేచీ వచ్చేది హద్దు దగ్గర. ముందుగా ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దులు కొలవమని కోరేది) పెట్టి, సర్వేయర్‌తో కొలిపించి రాళ్లు పాతించండి. పాత కంచెను నమ్మొద్దు, అది రోడ్డు మార్జిన్‌లోకి జరిగి ఉండొచ్చు. దిమ్మె ఒక్కటీ లోపలుంటే చాలదు. మెట్లు, గ్రిల్, జయంతి రోజున దండ వేయడానికి ఆనించే నిచ్చెన, చుట్టూ నిలబడే జనం అన్నీ మీ హద్దులోనే పట్టాలి. ఒక్క మెట్టు మురుగు కాలువ మీదికి వచ్చినా ఆక్రమణ నోటీసు ఇవ్వడానికి దారి దొరుకుతుంది. స్థలం ఉమ్మడిదైతే వాటాదారులందరి సంతకాలతో అంగీకార పత్రం రాయించుకోండి.

తర్వాత దిమ్మె కొలతలతో ప్లాన్, పాసుపుస్తకం, సర్వే నకళ్లు జతచేసి పంచాయతీలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వండి. కాదంటే కారణం రాసిమ్మనండి. నోటిమాటను పట్టుకుని హైకోర్టులో రిట్ వేస్తే నిలబడటం కష్టం. శాంతిభద్రతల పేరుతో బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163 (పాత 144 సెక్షన్) కింద ఆపినా, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప ఆ ఉత్తర్వు రెండు నెలలే. రాత్రికి రాత్రి నిలబెట్టడం మాత్రం వద్దు, న్యాయం మీ వైపున్నా కేసు మీ మీదే పడుతుంది.

ప్రశ్న: సిమెంటు విగ్రహాలు కాళ్ల దగ్గరే ఎందుకు పగులుతాయి?

జవాబు: వాన నీళ్లు పాదాల చుట్టూ నిలిచి లోపలికి దిగుతాయి. చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి సిమెంటును చీలుస్తాయి. దిమ్మె పైభాగం బయటికి కాస్త వాలుగా పోయించండి. ఫైబర్ విగ్రహమైతే తేలిక, గాలికి ఊగుతుంది. దాని బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే దిగాలి. తర్వాత డ్రిల్ చేసి బిగిస్తే వదులు కావచ్చు.