పికప్‌కి బల్బులు కొనే ముందు

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

గుంటూరు మిర్చియార్డుకి రాత్రిళ్లు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతుంటే రోడ్డు సరిగా ఆనట్లేదు, హెడ్‌లైట్లకి 100/90 వాట్ల బల్బులు వేయించెయ్యనా అని అడిగావు. ఇప్పుడే వేయించకు. కంపెనీ ఇచ్చిన వెలుగులోనే నీకు కొంత అందకుండా పోతూ ఉండాలి. అది ఎక్కడ పోతోందో పట్టుకున్నాక బల్బు సంగతి చూద్దాం.

ముందు డూములు, అంటే హెడ్‌లైట్ల డబ్బాలు చూడు. పై ప్లాస్టిక్ పసుపెక్కి మసకబారిందంటే లోపల ఏ బల్బు పెట్టినా వెలుగు అక్కడే చెదిరిపోతుంది. రోడ్డు మీద పడేది తక్కువ, ఎదుటివాడి కంట్లో కొట్టేది ఎక్కువ. చుట్టూ పెయింటుకి మాస్కింగ్ టేపు వేసి, 800 నంబరు వాటర్ పేపరుతో మొదలెట్టి 1500, 2000 దాకా నీళ్లు పోస్తూ రుద్ది, చివర రబ్బింగ్ కాంపౌండు పట్టించు. ఆ పైన యూవీ క్లియర్ కోటు వెయ్యకపోతే మన ఎండలకి కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపు తిరుగుతుంది. లోపలి రిఫ్లెక్టరు వెండిపూతే పొరలు లేచిందనుకో, ఎంత రుద్దినా దండగ. ఆటోనగర్‌లో కొత్త డూములు తెచ్చుకో.

తర్వాత మల్టీమీటర్. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, అసలు దొంగ ఉండేదీ ఇక్కడే. ఇంజను ఆన్‌లో, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. అవి ఉంటే, హోల్డరు పీకకుండా వెనక నుంచి పిన్నుల్లోకి ప్రోబులు దూర్చి అక్కడ కొలువు. పీకి కొలిచావంటే వైర్లో కరెంటు పారదు కాబట్టి వోల్టేజీ నిండుగా చూపించి నిన్ను మోసం చేస్తుంది. రెండు చోట్లకీ తేడా అర వోల్టు లోపు ఉంటే ఫర్వాలేదు. హాలొజన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే వేగంగా జారిపోతుంది. 14 రావాల్సిన చోట 12.6 వచ్చిందంటే పోయింది 10 శాతం వోల్టేజీ, కానీ వెలుగులో దాదాపు 30 శాతం పోయినట్టే. ఆ లోటు పూడిస్తే బల్బు మార్చకుండానే బల్బు మార్చినంత తేడా కనపడుతుంది.

తేడా ఎటువైపు ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. బ్యాటరీ మైనస్‌కీ హోల్డర్ ఎర్త్ పిన్నుకీ మధ్య 0.2 వోల్టులు దాటితే ఎర్త్ చెడింది. ఆ బోల్టు ఊడదీసి, తుప్పు, పెయింటు గీకి, వైరు కొసకి కొత్త లగ్గు వేసి బిగించు. ఎర్త్ బాగుండి ప్లస్ వైపే పడిపోతుంటే స్విచ్చి, సన్న వైర్లు, కాలిపోయిన హోల్డరు దానికి కారణం. అప్పుడు రిలే కిట్టు వేయించు. రిలే అంటే లైటు స్విచ్చి సైగ ఇవ్వగానే బ్యాటరీ కరెంటుని నేరుగా బల్బులకి పంపే చిన్న డబ్బా.

రిలేలు రెండు కావాలి, డిమ్ముకొకటి, బ్రైటుకొకటి. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరు 4 స్క్వేర్ మిల్లీమీటర్లు, ఒక్కో బల్బుకి పోయేది 2.5. రిలే పిన్నుల్లో 30 నంబరుకి బ్యాటరీ ప్లస్, 87 నుంచి బల్బులకి, 86కి పాత హోల్డరులో డిమ్ముకో బ్రైటుకో వచ్చే వైరు, 85కి ఎర్త్. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. ఎక్కడో డూమ్ దగ్గర పెడితే మధ్యలో వైరు రాసుకుని షార్టయినప్పుడు ఫ్యూజు ఉండీ లేనట్టే. 60 వాట్ల బల్బులు రెండూ కలిపి 10 ఆంపియర్లు లాగుతాయి, 15 ఆంపియర్ ఫ్యూజు చాలు. కొన్ని బండ్లలో స్విచ్చి ఎర్త్ వైపు కట్ చేస్తుంది, కాబట్టి ఆ పిన్ను నిజంగా ఎర్తేనా అని టెస్ట్ లాంపుతో చూశాకే 85 కలపమను. వారంటీలో ఉన్న బండైతే వైరు కోయనివ్వకు, హోల్డరుకి హోల్డరు దిగే రెడీమేడ్ కిట్టు కొను.

ఇప్పుడు బల్బు. ముందు పాతదాని మీద ఏం రాసుందో చదువు. హెచ్4 అయితే ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, 60/55 వాట్లు, అంటే బ్రైటుకి 60, డిమ్ముకి 55. అదే వాట్లలో ఫిలిప్స్, ఆస్రామ్ లాంటి కంపెనీల 'ప్లస్ 100', 'ప్లస్ 130' రకాలు తీసుకో. ఫిలమెంటు బిగువుగా, కొలత తప్పకుండా చుడతారు కాబట్టి వెలుగు ముందుకి గట్టిగా పడుతుంది. పెట్టె మీద ఉన్న శాతం మొత్తం వెలుగుది కాదు, రోడ్డు మీద ఒక చోట పడేదానిది. పైగా ఆయుష్షు మామూలు బల్బు కంటే తక్కువ. నీలం పూత ఉన్నవి మాత్రం వద్దు. తెల్లగా కనపడటానికి ఆ పూత ఉన్న వెలుగునే కొంత మింగేస్తుంది.

100/90 వేస్తే రెండూ కలిపి దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. కంపెనీ హోల్డరు ప్లాస్టిక్ కరిగేది, రిఫ్లెక్టరు పొక్కేది దీనివల్లే. సిరామిక్ హోల్డర్లు, రిలేలు, 25 ఆంపియర్ ఫ్యూజు వేసినా డూమ్‌కి వేడి తప్పదు. పైగా అవి రోడ్డు మీద వాడటానికి ఆమోదం ఉన్న వాట్లు కావు.

ఎల్‌ఈడీ బల్బుల వాళ్లు 20,000 ల్యూమెన్లంటూ (వెలుగు కొలత) చెబుతారు. 60/55 హెచ్4 నుంచి వచ్చేది బ్రైటులో సుమారు 1650, డిమ్ములో 1000. వాట్‌కి 100, 150 ల్యూమెన్లు ఇచ్చే ఎల్‌ఈడీ 30 వాట్లతో 20,000 ఎక్కడిదో నువ్వే లెక్కేసుకో. అసలు గొడవ అది కూడా కాదు. రిఫ్లెక్టరుని ఫిలమెంటు ఉండే చోటుని బట్టి తయారు చేస్తారు. ఎల్‌ఈడీ చిప్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా డిమ్ము వెలుగు పై అంచు చెదిరి, కాజా టోల్ దగ్గర ఎదురొచ్చే బస్సు డ్రైవరు కళ్లు మూసుకోవాల్సొస్తుంది. పొగమంచులో అలా చెదిరిన వెలుగు నీ కంట్లోకే తిరిగొస్తుంది. ధనుర్మాసం తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున అది నీకు కొత్తేం కాదుగా.

బిగించేటప్పుడు గాజుని వేళ్లతో ముట్టుకోకు. చేతి జిడ్డు ఉన్న చోట గాజు వేడెక్కి త్వరగా పోతుంది. అంటితే స్పిరిట్‌తో తుడువు. మూడు రెక్కల్లో వెడల్పాటిది పైకి వచ్చేలా కూర్చోబెట్టి, స్ప్రింగు క్లిప్పు వేసి, వెనక రబ్బరు టోపీ పూర్తిగా దిగిందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడు. రబ్బరు లేస్తే వానాకాలంలో డూమ్‌లో నీళ్లు. బల్బులు రెండు వైపులా ఒకేసారి మార్చు.

చివరగా ఎయిమింగు, అంటే వెలుగు పడే ఎత్తు సరిచెయ్యడం. టైర్లలో గాలి సరిచూసుకుని, చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి పెట్టు. బల్బు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద గీసి, డిమ్ము పై అంచు దానికి 10 సెంటీమీటర్లు కిందకి వచ్చేలా డూమ్ వెనక స్క్రూ తిప్పు. ఎడమవైపు అంచు కొంచెం పైకి లేవడం సహజం, మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి. కానీ ఖాళీ బండికి సరిచేసి లోడు వేశావో, చేసిందంతా వృథా. ఇరుసుల మధ్య సుమారు 3 మీటర్లున్న బండికి వెనక భాగం 5 సెంటీమీటర్లు దిగితే, కిందకి చూడాల్సిన డిమ్ము కాస్తా గోడ మీద బల్బు గీత దాటి ఆరేడు సెంటీమీటర్లు పైకి ఎక్కుతుంది. డాష్‌బోర్డు మీద లెవెలింగ్ చక్రం ఉంటే సున్నా దగ్గర ఖాళీ బండితో సరిచేసి, లోడు వేసినప్పుడు తిప్పుకో. లేకపోతే రోజూ తోలే లోడు వేసే సరిచెయ్యి.

తీసిన పాత బల్బులు బాగుంటే పారెయ్యకు. గుడ్డలో చుట్టి గ్లవ్‌బాక్సులో పెట్టుకో, దారిలో కొత్తది పోయినా యార్డు దాకా తీసుకెళ్తాయి.

మీ మావయ్య