మే సెలవుల్లో మారిషస్: ఏ ఒడ్డున దిగాలి?

విజయనగరం నుంచి మే నెలాఖర్లో ఆరు రోజులు, వెంట పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు. తూర్పు ఒడ్డున గది చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. పడమటి ఒడ్డున తీసుకోండి.

మనకి వడగాలులు కొట్టే రోజుల్లో అక్కడ చలికాలం మొదలవుతుంది. వణికించే చలేం కాదు, పగలు 25 డిగ్రీలకి అటూ ఇటూ. ఇబ్బందంతా ఆగ్నేయం నుంచి వీచే గాలితోనే. అది తూర్పున బెల్ మార్ వైపు ఒడ్డుని నేరుగా కొడుతుంది, తడిసిన పిల్లలు నీళ్లలోంచి రాగానే ముడుచుకుపోతారు. నడుమ మెట్ట, కొండలు అడ్డుండబట్టి పడమటి వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఊరు పొడిగా, వెచ్చగా ఉంటుంది. కాకపోతే విమానాశ్రయం ద్వీపానికి ఆగ్నేయ మూల, అక్కణ్నుంచి ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కి కారులో గంట పడుతుంది.

చింతపల్లి, కళింగపట్నం సముద్రం చూసిన కళ్లకి అక్కడి నీళ్లు చెరువులా అనిపిస్తాయి. అలలన్నీ దూరంగా పగడపు దిబ్బ మీదే విరిగిపోతాయి. అయితే దిబ్బకి గండి ఉన్నచోట లోపలి నీళ్లు బయటికి లాగేస్తాయి, పడవలు తిరిగే ఆ దారికి దూరంగా ఉండండి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర దిబ్బే తెగిపోయింది, అక్కడ చూడటమే, దిగకూడదు. ఇంకెక్కడ దిగినా గట్టి రబ్బరు అడుగున్న బూట్లు తప్పవు. అడుగున సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు), రాయిలా కదలకుండా పడుండే విషపు చేప (స్టోన్‌ఫిష్) ఉంటాయి. ఆ చేప ముల్లు గుచ్చుకుంటే కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

షమారెల్ దగ్గరి రంగురంగుల మట్టినేల, గ్రాన్ బస్సాన్ చెరువు దగ్గరి శివుడి గుడి ఒకే రోజు పెట్టుకుని, డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి. పొద్దున్నే బయల్దేరండి, సాయంత్రం ఆరుకల్లా చీకటి పడిపోతుంది. ఒడ్డున ఎండ కాస్తున్నా పైన కొండల మీద జల్లు పడొచ్చు, పెద్దవాళ్లకి స్వెట్టరు, గొడుగు ఉంచండి.

భారతీయులకి ముందుగా వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్, బస బుకింగు కాగితాలు చేతిలో ఉంచుకుని, ప్రయాణానికి ముందే మారిషస్ ప్రభుత్వ ఆన్‌లైన్ ఫారం నింపండి. మన జనం తప్పుచేసేది సామాన్లలో. సువర్ణరేఖ మామిడిపండ్లు, కరివేపాకు, విత్తనాలు అనుమతి లేకుండా తీసుకెళ్తే కస్టమ్స్‌లో పోతాయి. నొప్పులకి వాడే ట్రమడాల్, కొడీన్ ఉన్న మందులు, నిద్రమాత్రలు అంతకంటే పెద్ద చిక్కు, అక్కడ వాటిపై నియంత్రణ చాలా గట్టిది. డాక్టరుని అడిగి వేరే మందు రాయించుకోండి, లేదా ముందే అనుమతి తీసుకోండి.

ప్లగ్గులకి బ్రిటిష్ మూడు పలకల అడాప్టర్ కావాలి. యూపీఐ 2024 ఫిబ్రవరిలో మొదలైంది గానీ రోడ్డు పక్క బండ్ల దగ్గర మారిషస్ రూపాయలే నడుస్తాయి. ఆ బండ్ల మీద ధోల్ పూరీ తప్పక తినండి. బెల్లం వెయ్యని బొబ్బట్టు అనుకోండి, లోపల పప్పు పొడి, పైన చిక్కుడు గింజల కూర, టమాటా పచ్చడి. జంటగా ఇస్తారు, మాంసం ఉండదు. కారం వేరే అడిగి వేయించుకోవాలి.

అక్కడి తెలుగువాళ్లని తెలుగులో పలకరిస్తే జవాబు ద్వీపపు వాడుక భాష క్రియోల్‌లోనే రావచ్చు. వాళ్ల ముత్తాతలు 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లు. భాష చాలామందికి జారిపోయినా ఉగాది మాత్రం అక్కడ ప్రభుత్వ సెలవు.