ఒక్క వాటు బరువెంత?

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుకు మేం ముగ్గురం కలిసి బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) సీలింగ్ ఫ్యాను డిజైన్ చేస్తున్నాం. ఇంకా డ్రాయింగుల దగ్గరే ఉన్నాం. పర్యావరణానికి ఎంత మేలో లెక్క చూపమంటున్నారు మా మేడం. వస్తువే లేనప్పుడు ఎలా చూపాలి? రెక్కల్లో 200 గ్రాముల అల్యూమినియం తగ్గించాం, చాలదా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: డ్రాయింగు మీదున్నప్పుడే లెక్క కట్టాలమ్మా. డైలు (అచ్చులు) చేయించాక తప్పు తెలిసినా దిద్దడానికి చేతులు రావు. ఉజ్జాయింపు చాలు.

‘ఒక ఫ్యాను’ అని కాక, ‘ఒక గదికి పదేళ్ల గాలి’ అని పెట్టుకోండి. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే ఒక్క వాటుకే పదేళ్లలో 36 యూనిట్ల కరెంటు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే 25 కిలోలు. మీ 200 గ్రాములో? బొగ్గు కరెంటుతో తీసిన అల్యూమినియానికి కిలోకు 15 నుంచి 20 కిలోలు వేసినా, మిగిలేది మూడు నాలుగు కిలోలే. రెక్క పలచబడి, అదే గాలికి మోటారు ఒక్క వాటు ఎక్కువ లాగిందా, ఆ మిగులు పోగా 20 కిలోలకు పైనే మీద పడతాయి. అందుకే గాలిని వాట్లతో భాగించి చూడండి. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ స్టార్లు ఇచ్చేదీ ఆ సర్వీస్ వాల్యూ చూసే. సోలార్ పెరిగేకొద్దీ 0.7 తగ్గుతుంది కాబట్టి 0.5తోనూ ఒకసారి కట్టండి. అప్పుడూ వాటుదే పైచేయి.

ఇక్కడితో ఆగకండి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసినచోట, తేమ తగలకుండా మోటారును నడిపే ఎలక్ట్రానిక్ డ్రైవర్ బోర్డు మీద గట్టిపడే నల్లటి రెసిన్ పోయించాం. ఒక్క కెపాసిటర్ పోయినా విప్పే దారి లేదు. వైండింగు, బేరింగులు నిక్షేపంలా ఉన్న ఫ్యాన్లు బోర్డు కోసం తుక్కులోకి పోయాయి. స్క్రూడ్రైవర్‌తో ఆ రెసిన్ గీకి గీకి, ‘రాయిలా ఉంది సార్’ అన్నాడు మెకానిక్. ఆ డ్రాయింగు మీద సంతకం నాదే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

కాబట్టి బోర్డు మార్చడానికి ఎన్ని స్క్రూలు, ఎన్ని నిమిషాలు అన్నదీ మీ లెక్కలో ఒక గడి కావాలి. ఈ ఆదివారం పాత సామాన్ల కొట్లో ఒక ఫ్యాను కొని విప్పండి. రాగి, ఇనుము, అల్యూమినియం విడివిడిగా వంటింటి కాటా మీద తూచి రాసుకోండి. మొదటి పట్టికకు ఆ బరువులు చాలు.