గుంటుపల్లిలో రాళ్లు తప్ప ఏముంది?

ప్రశ్న: పిల్లల్ని, మా అత్తయ్యగారిని తీసుకుని గుంటుపల్లి బౌద్ధ గుహలకి వెళ్లాం. మిట్టమధ్యాహ్నం ఎండలో అన్ని మెట్లెక్కితే కనపడినవి ఇటుక దిబ్బలు, రాళ్లు. గుడి అన్నాక లోపల బుద్ధుడు ఉంటాడనుకున్నాం, గుండ్రటి రాయి ఉంది. అత్తయ్యగారు అది శివలింగమేనని పసుపు, కుంకుమ పెట్టబోతే మా ఆయన ఆపారు. ఇంటికొచ్చాక కూడా అదే గొడవ. ఎవరిది రైటు? - ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందు గొడవ సంగతి. అది స్తూపం, అంటే బౌద్ధులు బుద్ధుడి గుర్తుగా పూజించే గుండ్రటి కట్టడం, అందులో మీ ఆయన మాటే కరెక్టు. కానీ మీ అత్తగారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరస్వామి అనే కొలుస్తారు, శివరాత్రికి జనం కొండెక్కుతారు. కాబట్టి ఆవిణ్ణి దండం పెట్టుకోనివ్వండి, తప్పేం లేదు. పసుపు, నూనె మాత్రం వద్దు. అది ఇసుకరాయి, పీల్చేసుకుంటుంది, మళ్లీ కడిగితే పోదు. పిల్లలు గోడ మీద పేర్లు చెక్కకుండా కూడా చూసుకోండి, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా అని చట్టంలోనే ఉంది.

ఇక బుద్ధుడు ఏడీ అంటారా, ఆ గుహ తొలిచింది క్రీస్తుకు పూర్వం. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కే అలవాటు ఇంకా రాలేదు, స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేయడమే పూజ. ఆ గుహలో స్తూపానికీ గోడకీ మధ్య ఉన్న ఇరుకు దారి అందుకే.

మీరు అక్కడ నిలబడి తల పైకెత్తి చూశారా? చాలామంది చూడరు, సెల్ఫీ దిగి బయటికొచ్చేస్తారు. పైన గుండ్రటి గోపురంలా ఉన్న కప్పుకి నడిమధ్య నుంచి చుట్టూ కిందికి దిగే వాసాలు చెక్కి ఉంటాయి, వాటిని అడ్డంగా కలిపే పట్టీలతో సహా. కొండని లోపల్నుంచి తొలిచిన కప్పుకి వాసాలతో పనేముంది చెప్పండి? ఏమీ లేదు. ఆ రోజుల్లో గుళ్లు చెక్కతో కట్టేవారు, కళ్ల ముందున్న ఆ చెక్క గుడినే శిల్పులు రాతిలోకి దించారు. అసలు చెక్క గుళ్లు ఎప్పుడో పుచ్చిపోయాయి, వాటి కప్పు ఎలా ఉండేదో తెలియాలంటే ఇలాంటి గుహలే దిక్కు. బీహార్‌లోని బరాబర్ గుహల్లో మౌర్యుల కాలం నాటి పని కూడా ఈ తరహాదే. నన్నడిగితే ఈ ఒక్క కప్పు కోసం కొండెక్కొచ్చు.

మీరు దిబ్బలన్నవి కూడా చాలావరకు స్తూపాలే, మొక్కు తీర్చుకోవడానికి భక్తులు కట్టించినవి, పెద్దవీ చిన్నవీ పదుల సంఖ్యలో ఉన్నాయి. స్తంభాలు మిగిలిన మండపం దగ్గర కాసేపు ఆగండి. ఆ స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ఉన్న శాసనం ప్రకారం మండపం ఇచ్చింది రాజుగారు కాదు, కళింగ మహారాజు సిరి సద దగ్గర లేఖకుడిగా ఉన్న చుళగోమ. అంటే ఆఫీసులో రాతకోతలు చూసుకునే ఉద్యోగి! పిల్లలకి ముందు ఈ కథ చెప్పండి, తేదీలు తర్వాత.

ఈసారి పొద్దున్నే వెళ్లండి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. గుహలో దండం పెట్టుకునేవాళ్లుంటారు కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పడం మర్యాద.

ప్రశ్న: మన బౌద్ధ క్షేత్రాలన్నీ ఎవరు కూల్చారు? వాట్సాప్‌లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. - మరో పాఠకుడు

జవాబు: అన్నిటికీ ఒకే దోషి కావాలంటే కుదరదండీ. చాలాచోట్ల పోషించే రాజులు, వ్యాపారులు తగ్గిపోయారు, భిక్షువులు వెళ్లిపోయారు, మిగతా పని వానలు, చెట్ల వేర్లు చూసుకున్నాయి. ఆ పైన మనవాళ్లే ఇటుకలు పట్టుకుపోయారు. అమరావతి చూడండి. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే దీపాలదిన్నెని, అంటే అక్కడి బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బని, తవ్వి రాళ్లు, ఇటుకలు తీశారు. ఆయనకి బౌద్ధం మీద పగేమీ లేదు, దగ్గర్లో దొరికిన సరుకు వాడుకున్నారంతే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ వచ్చి చూసేసరికే చాలా పోయింది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ మన వల్ల కాదు గానీ, ఎగ్మోర్‌కి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు.